కుడికంట్లో కోడిపుంజు

కంటి చుక్కల సీసాని కనిపెట్టిన మహానుభావుడికి, కన్ను మొహంలో ఎక్కడుంటుందో ఎవరూ చెప్పినట్టు లేదు. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, కింది రెప్ప లాగి పట్టుకుని సీసా నొక్కితే మొదటి చుక్క ముక్కు మీద పడుతుంది. రెండోది చెంప మీదుగా చెవిలోకి పోతుంది. మూడోది సరిగ్గా కంట్లో పడబోయే సమయానికి రెప్ప తనంతట తానే మూసుకుంటుంది. కంట్లో చుక్కలు వేసుకోవడానికి నోరెందుకు తెరవాలో కూడా నాకింతవరకూ అర్థం కాలేదు. తెరవకుండా వేసుకున్నవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

నవంబరు వచ్చిందంటే ఢిల్లీ ద్వారకాలో మా బాల్కనీలోంచి కనిపించే ఎదుటి టవరు మాయమైపోతుంది. ఊరంతా పొగ. కళ్ళల్లో కారం కొట్టినట్టుంటుంది. అందుకని మా ఇంటిల్లిపాదికీ డాక్టరు ఒకటే మందు రాసిచ్చారు, కన్నీళ్ళ బదులు పనిచేసే చుక్కలు. మనిషికో సీసా విడివిడిగా వాడాలని గట్టిగా చెప్పారు కూడా. మేం చదువుకున్నవాళ్ళం కాబట్టి శ్రద్ధగా తలూపి, బయటికొచ్చి ఒకే సీసా కొన్నాం. పొద్దున్న పూజయ్యాక మావయ్యగారు ముందు పుచ్చుకుంటారు. తరవాత నేను, తరవాత మా ఆవిడ ఉషశ్రీ, చివర మా అమ్మాయి సహస్ర. తీర్థానికి మనిషికో ఉద్ధరిణి ఎవరైనా పెడతారా?

మావయ్యగారంటే ఉషశ్రీ వాళ్ళ నాన్నగారు, సూర్యనారాయణగారు. ఆయన మా ఇంట్లో ఉంటున్నారా, మేం ఆయన ఇంట్లో ఉంటున్నామా అన్నది ఏళ్ళ తరబడి తేలలేదు. ఫ్లాటు ఆయన పేరున ఉంది, కరెంటు బిల్లు నా పేరున వస్తుంది. ఎయిర్‌ఫోర్సులో సరుకుల తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. విమానానికి బిగించే మర దగ్గర్నుంచి జవాను తొడుక్కునే మేజోడు దాకా ఆయన చూసి 'పాస్' అంటేనే గోడౌన్‌లోకి వెళ్ళేది. ఇప్పుడు విమానాలు లేవు కాబట్టి మా వంటింటి సరుకుల్ని పాస్ చేస్తున్నారు.

మావయ్యగారు శాకాహారి. ఆ మాట చాలదు. కాశ్మీరు నుంచి కార్ నికోబార్ దాకా ఎక్కడికి పోస్టింగయినా మెస్సు గడప తొక్కకుండా, తన గిన్నెలో తను అత్తెసరు పడేసుకుని, ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని దేశరక్షణ చేసిన మనిషి. కేకులో గుడ్డుంటుందేమోనని మనవరాలి పుట్టినరోజుకి పక్కగదిలోంచే అక్షింతలు విసురుతారు. ఇంట్లోకి ఏ పాకెట్టు వచ్చినా ట్యూబులైటు కింద పెట్టి, భూతద్దంతో పచ్చచుక్క వెతుకుతారు. ఉంటే 'పాస్'. గోధుమరంగు గుర్తుంటే 'రిజెక్ట్', దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా కడుక్కోవాలి. టూత్‌పేస్టు, సబ్బు, ఉషశ్రీ మొహానికి రాసుకునే సీరం, దేనికీ మినహాయింపు లేదు. ఒకసారి కొరియర్లో వచ్చిన ఫోను చార్జరుకి కూడా చుక్క వెతికారు.

ఇంతటి ఇన్‌స్పెక్టరుగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. కళ్ళ డాక్టరు దగ్గర అన్నిటికన్నా పెద్ద అక్షరం చూపించి ఏం కనిపిస్తోందని అడిగితే, "బోర్డు బాగుంది" అన్నారు. అయినా తనిఖీ మానలేదు. భూతద్దం సైజు పెరిగిందంతే. ఆయన పాస్ చేశాక మళ్ళీ మేం చూడ్డమంటే ఆయన్ని అవమానించడమే కదా. మా ఇంట్లో పెద్దల మీద గౌరవం అలా ఉంటుంది. కనపడనాయన చూస్తారు, కనపడేవాళ్ళం కళ్ళు మూసుకుంటాం.

ఆ కళ్ళతోనే మావయ్యగారు కంటోన్మెంటులో మిలిటరీ కాంటీన్‌కి వెళ్ళి, పోయిన చలికాలం ఒక సూపు కనిపెట్టారు. స్వీట్‌కార్న్ సూపు. ఆయనే షెల్ఫులోంచి తీసి, ఆయనే భూతద్దం పెట్టి పాస్ చేసి, డజన్ల లెక్కన తెచ్చారు. అప్పట్నుంచీ చలి మొదలైతే సాయంత్రం ఐదింటికి సూపు పడాల్సిందే. "మొక్కజొన్నలో ఇంత సారం ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీలేదు అల్లుడుగారూ!" అని చెంచాతో గిన్నె అడుగు గీకేవారు. నేను రెండు కప్పులు తాగేవాణ్ణి.

ఇక ఆపరేషన్ సంగతికి వస్తాను. డాక్టరు పేరు వైశాలి. వరంగల్ అమ్మాయి. ఢిల్లీలో తెలుగు డాక్టరు దొరికితే సగం రోగం అక్కడే తగ్గిపోతుంది. మిగతా సగం ఆవిడ ఏ జిల్లానో, ఎవరి తాలూకో కనుక్కునేలోపు తగ్గుతుంది.

"ఎడమకన్ను మస్తు పండింది అంకుల్," అందావిడ. "లోపల లెన్సు ఉబ్బుతున్నది. ప్రెషర్ పెరిగిందనుకో, నరం దెబ్బతింటది. నరం పోయినంక నేను గాదు, ఎవ్వరూ చూపు తెచ్చియ్యలేరు. ముందు ఎడమది చేసేద్దాం."

"ముందు కుడి," అన్నారు మావయ్యగారు.

"ఎందుకంకుల్?"

"గృహప్రవేశం ఎడమకాలితో చేస్తారామ్మా?"

డాక్టరు నా వైపు చూసింది. నేను గోడ మీదున్న కన్ను బొమ్మ వైపు చూశాను. ఆ కన్ను నన్ను చూసింది.

చివరికి రాజీ కుదిరింది. ఈ శుక్రవారం కుడి, పై శుక్రవారం ఎడమ. "అంతకు మించి ఒక్కరోజు గూడ ఆగొద్దు సర్, రిస్క్ ఉన్నది," అని డాక్టరు నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది. ఎలాగూ వచ్చాను కదాని నా కళ్ళు కూడా చూసి, "మీకు గూడ షురూ అయినయి, రెండిట్ల," అని శుభవార్త చెప్పినట్టు చెప్పింది.

తరవాత మావయ్యగారికి ఆపరేషన్ వివరించింది. "చిన్న గాటు పెట్టి, ముందుగాల కంట్ల ఒక జెల్ నింపుతం అంకుల్. కన్ను గాలి పోయిన బెలూన్ బుగ్గ లెక్క కూలిపోకుండ అది నిలబెడ్తది. మీ కార్నియాకి లోపలి దిక్కు సన్నటి పొర ఉంటది. ఆ కణాలు పోతే మళ్ళ పుట్టవు. మీకు అవి ముందే తక్కువున్నయి. మా పనిముట్లు తగలకుండ ఈ జెల్ వాటికి పరుపు లెక్క అడ్డముంటది. పాత లెన్సు తీసి, కొత్తది పెట్టి, ఆఖర్ల జెల్లంతా కడిగేస్తం."

"జెల్లు దేంతో చేస్తారమ్మా?" మావయ్యగారు ముందుకు వంగారు. "జెలటిన్ కాదు గదా? అది ఎముకల్లోంచి తీస్తారు."

"గాదంకుల్. సోడియం హైలురోనేట్. మీరు రోజు ఏసుకునే చుక్కలల్ల ఉన్నదే. జర చిక్కగుంటది."

"సోడియం అంటే ఉప్పు," అన్నారు మావయ్యగారు నాకేసి తిరిగి. "ఉప్పు సముద్రంలోంచి వస్తుంది. పాస్."

ఆయన సర్వీసులో ఇంత తొందరగా ఏదీ పాస్ చేసి ఉండరు.

ఆపరేషన్‌కి ముందొచ్చిన ఆదివారం సాకేత్ భోజనానికి వచ్చాడు. సాకేత్ ఉషశ్రీ వాళ్ళ పిన్ని కొడుకు. కటవారియా సరాయ్‌లో ఒక గది అద్దెకి తీసుకుని సివిల్సుకి చదువుతున్నాడు. ఇది ఐదో ప్రయత్నం. అతనికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. పరీక్షలో మాత్రం అవి అడగరు. వారానికోసారి మా ఇంటికొచ్చి, అన్నం తింటూ వారమంతా చదివింది మాకు అప్పజెప్పి వెళ్తాడు. అన్నం పెట్టేది మేమే, పాఠం వినేదీ మేమే.

ఆ రోజు పప్పన్నం కలుపుతూ, ఆవకాయ జాడీ పక్కనున్న కంటి చుక్కల సీసా తీసి చదివాడు.

"సోడియం హైలురోనేట్! బావగారూ, ఇది సైన్స్ అండ్ టెక్‌లో అడగొచ్చు. మొట్టమొదట దీన్ని దేంట్లోంచి తీశారో చెప్పండి చూద్దాం."

"సముద్రంలోంచి," అన్నాను ధైర్యంగా.

"తప్పు. ఆవు కంట్లోంచి."

నా చేతిలో ముద్ద దానంతటదే కంచంలోకి దిగిపోయింది.

"తరవాత చాలా ఏళ్ళు దేంట్లోంచి తీశారో తెలుసా? కోడిపుంజు నెత్తిన జుట్టుంటుంది చూడండి, ఎర్రగా ఊగుతూ. అందులోంచి. అందులో ఇది బోలెడుంటుంది. కంటి ఆపరేషన్లకి జెల్లు వాడ్డం దాంతోనే మొదలైంది. ఇప్పుడు చాలామటుకు బ్యాక్టీరియాని పెంచి తీస్తున్నార్లెండి. కొన్ని కంపెనీలు మాత్రం ఇప్పటికీ కోడి—"

పక్కగదిలో మావయ్యగారు టీవీలో ప్రవచనం వింటున్నారు. చూపు తగ్గినప్పట్నుంచీ ఆయనకి చెవులు పెరిగాయి.

"సాకేత్, పెరుగేసుకో," అన్నాను.

"వేసుకున్నాను బావగారూ. ఆ కోడి—"

"దొండకాయ వేపుడు వేసుకో."

"పెరుగన్నంలోనా?"

"వేసుకో."

పక్కగదిలో ప్రవచనం ఆగింది. "ఏంటల్లుడుగారూ, భోజనాల దగ్గర కోడంటున్నాడు?"

"కోళ్ళ ఎగుమతి లెక్కలు మావయ్యగారూ! పరీక్షకి చదువుతున్నాడు."

"అలాంటి పరీక్ష ప్యాసవకపోతేనే మంచిది," అన్నారు మావయ్యగారు. ప్రవచనం మళ్ళీ మొదలైంది. సాకేత్ మొహం చిన్నబుచ్చుకుని, పెరుగన్నంలో దొండకాయ వేపుడు కలుపుకు తిన్నాడు.

అతను వెళ్ళాక ఉషశ్రీని వంటింట్లోకి లాక్కెళ్ళి సంగతి చెప్పాను. తన చెంప తడిమి చూసుకుంది. తరవాత అడిగింది.

"నా సీరంలో ఉన్నదీ ఇదేనా?"

"అదే."

"దానికి పచ్చచుక్కుంది. నాన్నగారే పాస్ చేశారు." ఆవిడ బాధ అక్కడితో తీరిపోయింది. "ఏవండీ, ఆయన చెవిన పడిందా, ఈ జన్మలో ఆపరేషన్‌కి రారు. మీరు నోరెత్తద్దు."

నేనొక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసర్ని. నోరెత్తకపోవడం నా ఉద్యోగం. కానీ మనసు ఊరుకోక డాక్టరుకి ఫోను చేశాను.

"డాక్టరుగారూ, ఆ జెల్లు కోడిదా, బ్యాక్టీరియాదా?"

"మీకెవరు చెప్పిన్రు సర్?"

"కటవారియా సరాయ్‌లో చెప్పారు."

"రెండు రకాలూ ఉంటయి. టేబుల్ మీద ఆ కంటికి ఏది మంచిగుంటదో అది వాడ్తం. మొత్తం శుద్ధి చేసిందే సర్. అసలు మనిషి కంట్ల పుట్టుకతోనే ఉండే పదార్థం అది. టెన్షన్ పడకున్రి."

నేను టెన్షన్ పడలేదు. ఫోను పెట్టేసి, కళ్ళు మండుతుంటే చుక్కలు వేసుకోబోయి, సీసా వంక చూసి, దాన్ని గోడకేసి తిప్పి పెట్టాను.

శుక్రవారం ఆపరేషన్ అయిపోయింది. డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. "సూపర్‌గ అయింది సర్. శుక్లం రాయి లెక్కున్నది. చిక్కటి జెల్ పెట్టాల్సొచ్చింది."

"ఏ రకం?"

ఆవిడ వెనకాలే వస్తున్న మావయ్యగారి స్ట్రెచరు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "కోడిదే. కానీ మొత్తం కడిగేసిన. ఏమన్న కొద్దిగ మిగిలినా ఒకట్రెండు రోజుల్ల అదే పోతది. ఎడమకంటికి కావాలంటే బ్యాక్టీరియాది తెప్పిస్త, సరేనా?"

నేను కూర్చున్నాను. నేను కూర్చున్నచోట కుర్చీ లేదని తరవాత తెలిసింది.

మర్నాడు పొద్దున్న కంటి మీద కప్పు తీసేశారు. మావయ్యగారు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి చుట్టూ చూశారు.

"గోడలు తెల్లవా?"

"అవును నాన్నగారూ," అంది ఉషశ్రీ.

"పసుపనుకున్నానే. ఫ్యాను మీద అదేంటి, నల్లగా?"

"దుమ్ము నాన్నగారూ."

"ఎప్పట్నుంచి?"

ఉషశ్రీ చీపురు కోసం లోపలికి వెళ్ళింది. ఆయన నాకేసి తిరిగారు. "అల్లుడుగారూ, జుట్టుకి రంగేస్తారా?"

"అప్పుడప్పుడూ..."

"చెవుల దగ్గర వదిలేశారు." ఇంతలో సహస్ర గదిలోంచి వచ్చింది. మావయ్యగారు గుమ్మం పట్టుకున్నారు. "నీ జుట్టు నీలమా?"

"తాతయ్యా, దివాలీ సే బ్లూ హీ హై," అంది సహస్ర, హెడ్‌ఫోన్ తియ్యకుండా. "సబ్‌కో పతా హై."

నా మొహం చూసి తెలుసుకున్నారో ఏమో, అందరికీ తెలిసిన ఆ సంగతి నాకు తెలీదని ఆయనకి అర్థమైనట్టుంది. నేను దీపావళి నుంచీ ఆ పిల్ల మొహమే చూడలేదు కాబోలు. నాకు శుక్లాలు నిజంగానే ఉన్నాయన్నమాట.

ఆ సాయంత్రం ఐదింటికి మావయ్యగారు తన గదిలోంచి పిలిచారు. "అల్లుడుగారూ, తలుపెయ్యండి."

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. చేతిలో సూపు పాకెట్టు ఉంది. దాన్ని రెండు చేతులతో శుభలేఖ పట్టుకున్నట్టు పట్టుకున్నారు. భూతద్దం దిండు పక్కన పడుంది.

"చదవండి."

"స్వీట్‌కార్న్..." అని ఆగాను.

"ఆ పక్కన?"

చిన్న అక్షరాలు కావు. బస్సు బోర్డంత ఉన్నాయి. "చికెన్," అన్నాను. మూల గోధుమరంగు త్రికోణం కూడా ఉంది. ఎవరూ దాన్ని దాచలేదు, మావయ్యగారి కోసం రెండు చలికాలాలుగా అక్కడే కూర్చుని ఉంది.

కింద రోడ్డు మీద బఠాణీలవాడు మటర్, మటర్ అని అరుచుకుంటూ పోతున్నాడు. మావయ్యగారు పాకెట్టుని తిప్పి వెనక కూడా చూశారు.

"నేనే పాస్ చేశాను," అన్నారు మావయ్యగారు. "నా చేత్తో."

నాకు అప్పుడు నా రెండు కప్పులూ గుర్తొచ్చాయి. కడుపులో ఎవరో కూసినట్టయింది.

"ఉషకి తెలియకూడదు," అన్నారాయన. "తట్టుకోలేదు."

"చెప్పను మావయ్యగారూ."

చెమటలు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్తే, ఉషశ్రీ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండా అంది. "సూపు సంగతేనా?"

"నీకెలా తెలుసు?"

"పాకెట్టు చింపేది నేనే కదండీ. పోయిన చలికాలం నుంచీ తెలుసు."

"మరి చెప్పలేదేం!"

"ఆయన పాస్ చేశాక నేనెవర్ని చెప్పడానికి? పైగా ఏటా చలికి పట్టుకునే దగ్గు ఆ ఏడాది ఆయనకి రాలేదు. వస్తే ఎవరు కూర్చుంటారు పక్కన?"

"నేనూ తాగానే!"

"మీకూ రాలేదుగా దగ్గు."

"మరి నువ్వు?"

"నేనెందుకు తాగుతాను? నాకు చదవడం వచ్చుగా," అంది ఉషశ్రీ.

మావయ్యగారు ఆదివారం ఉపవాసం ఉన్నారు. సోమవారం మౌనం. మంగళవారం నోరు తెరిచి, ఎడమకన్ను ఆపరేషన్ వద్దన్నారు. "ఒక కన్నుతో చూసింది చాలు" అన్నారు. ఉషశ్రీ ఏడ్చింది. సహస్ర కూడా హెడ్‌ఫోన్ తీసి, "తాతయ్యా, ప్లీజ్ యార్," అని బతిమాలింది. డాక్టరు ఫోను చేసి నన్ను తిట్టింది. "సర్, నేను ముందే చెప్పిన. ఆ లెన్సు ఏ రోజైన ఉబ్బుతది. నరం పోతే మళ్ళ రాదు. మీరు ఎట్లనన్న తోల్కరండ్రి."

బుధవారం, అంటే నిన్న పొద్దున్న, మావయ్యగారు తలస్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని నన్ను పూజగదిలోకి పిలిచారు. పళ్ళెంలో తమలపాకులు, వక్క, అరటిపళ్ళు, వాటి మధ్య భూతద్దం. దానికి బొట్టు కూడా పెట్టారు.

"ఇవాళ్టితో నా సర్వీసు అయిపోయింది. చార్జి తీసుకోండి."

"ఎందుకండీ మావయ్యగారూ ఇవన్నీ..."

"తీసుకోండి." తీసుకున్నాను. "మా డిపార్టుమెంటులో చార్జి తీసుకున్నవాడు కొత్త సరుక్కే కాదు, గోడౌన్‌లో ఉన్న పాత సరుక్కి కూడా జవాబుదారీ. ముందు పాత స్టాకు తేల్చాలి. మొదటి ఐటమ్ ఇది." వేలితో కుడికన్ను చూపించారు.

నా చేతిలో పళ్ళెం బరువెక్కింది.

"నోరు మైలపడింది. కడుపు మైలపడింది. నాకు కన్నొక్కటే మిగిలింది అల్లుడుగారూ. ఆ రోజు ఆ జెల్లు ఉప్పేనని నేనే పాస్ చేశాను. నా పాస్ మీద నాకే ఇప్పుడు నమ్మకం లేదు. స్ట్రెచరు మీదున్నప్పుడు మీరు డాక్టరమ్మతో గుసగుసలాడారు. మాట వినపళ్ళేదు, గుసగుస వినపడింది. మీరు అడిగే ఉంటారు. చెప్పండి. ఇందులోకి వెళ్ళింది శుద్ధమైనదేనా? అవునంటే ఎల్లుండి నడిచొచ్చి ఎడమకన్ను డాక్టరమ్మ చేతిలో పెడతాను. కాదంటే ఎడమది దేవుడికి వదిలేస్తాను. నా ప్రాయశ్చిత్తం అదే."

"మావయ్యగారూ, మనిషి కంట్లో పుట్టుకతోనే ఆ పదార్థం ఉంటుందట."

"నాది నాకుంటే తప్పులేదు. ఇంకోళ్ళదుందా అని అడుగుతున్నాను."

"ఎడమకంటికి మటుకు పూర్తిగా బ్యాక్టీ... అంటే, పెరుగు తోడుపెట్టినట్టు పులియబెట్టి తీసింది తెప్పిస్తానంది డాక్టరు."

"కుడి సంగతి అడిగాను."

నేను నోరు తెరిచాను. ఎందుకు తెరిచానో నాకు తెలీదు. కళ్ళ వ్యవహారం వస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుందని ముందే మనవి చేశాను.

మావయ్యగారు చెయ్యెత్తి ఆపారు. "ఊరికే చెప్పద్దు. దేవుడి ముందు ఒట్టేసి చెప్పండి. అబద్ధమైతే కళ్ళు పోతాయని."

చిన్నప్పుడు మామిడికాయలు కోసింది నేను కాదని ఇలాంటి ఒట్లు లెక్కలేనన్ని వేశాను. అప్పుడు నాకు శుక్లాలు లేవు.

"పొద్దున్న కాఫీ తాగేశాను మావయ్యగారూ," అన్నాను. "స్నానం కూడా అవలేదు. ఒట్టు అలా వెయ్యకూడదు కదా."

ఆయన మొహం ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి తేటపడింది. "మంచి మాట. ఇన్‌స్పెక్టరన్నవాడికి ఆ పట్టింపు ఉండాలి. రేపు పొద్దున్న శిరస్నానం చేసి, ఏమీ నోట్లో వేసుకోకుండా రండి." వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగారు. "ఆ మిగిలిన సూపు పాకెట్లు ఉన్నాయి కదా."

"పారేస్తానండీ."

"పారెయ్యక... ఎప్పటిదాకా పనికొస్తాయో చూసి ఉంచండి," అన్నారు. "ఎవరికైనా ఇవ్వచ్చు."

ఉషశ్రీని సలహా అడిగాను. "వేసెయ్యండి ఒట్టు, మీ కళ్ళకేమవుతుంది?" అంది, తన కళ్ళు కానట్టు. సాకేత్‌కి ఫోను చేశాను. ఈ మంట అంటించింది అతనే కదా.

"బావగారూ, అచ్చం ఇలాంటిదే ఎథిక్స్ పేపర్లో వస్తుంది!" అన్నాడు ఉత్సాహంగా. "ముందు ఇందులో ఎవరెవరి ప్రయోజనాలున్నాయో రాయాలి. తరవాత మీ ముందున్న దారులు, ఒక్కోదాని మంచిచెడ్డలు."

"జవాబేంటి?"

"జవాబుండదు బావగారూ. రెండువైపులా రాసి, సమతూకంగా ముగించాలి. అందుకే నాకు మార్కులు పడట్లేదు, నేను జవాబు రాసేస్తాను."

"అయితే ఆ జవాబే చెప్పవయ్యా!"

"మీరు చెప్పనక్కర్లేదు. రేపు ఎలాగూ భోజనానికొస్తున్నాను, ఎల్లుండి ఆస్పత్రికి తోడుంటాను. పెదనాన్నగారికి నేనే సైంటిఫిక్‌గా, ఆవు దగ్గర్నుంచి మొదలుపెట్టి—"

ఫోను పెట్టేశాను.

ఆఫీసులో ఇలాంటి ఫైలు వస్తే నేను చెయ్యాల్సింది స్పష్టం. 'తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది' అని రాసి పైకి తోసేస్తాను. పైవాళ్ళు ఇంకా పైకి తోస్తారు. ఫైలు పైకి పోతూంటే ఎవరి కళ్ళూ పోవు. ఈ ఫైలుకి మాత్రం పైన దేవుడు తప్ప ఎవరూ లేరు. ఆయన ముందే ఒట్టు వెయ్యాలి.

అందుకని అయ్యలారా, అమ్మలారా, ఈ ఫైలు మీకు సమర్పిస్తున్నాను. నిజం చెబితే మావయ్యగారి ఎడమకన్ను పోతుంది. అది డాక్టరు మాట. అబద్ధం చెబితే నా కళ్ళు రెండూ పోతాయి. అది చిన్నప్పట్నుంచీ అందరి మాట. డాక్టరు నమ్మకమైన మనిషే, కానీ నాకు కూడా షురూ అయినయని చెప్పింది కదా ఆవిడే! కుడికంట్లోంచి కోడి ఈపాటికి పూర్తిగా కొట్టుకుపోయుంటుంది కాబట్టి 'ఇప్పుడు శుద్ధమే' అని ఒట్టేస్తే, దేవుడు అంత లోతుగా వెళ్తాడంటారా? లేక 'మాకు తెలిసినంతలో' అని ముందు కలుపుకుంటే, ఆఫీసు నోటులో చెల్లినట్టు పూజగదిలో చెల్లుతుందా? మీ ఇళ్ళల్లోనూ మావయ్యగార్లు ఉంటారు, శుక్లాలుంటాయి, మీకు తెలిసి ఎవరో ఒకరు ఇలాంటి ఒట్టు వేసే ఉంటారు. వాళ్ళకిప్పుడు చూపెలా ఉందో కాస్త కనుక్కుని చెప్పండి.

తొందరగా చెప్పాలి. తెల్లారిపోయింది. నేను స్నానాలగదిలో గడియ పెట్టుకుని కూర్చుని ఇది ఫోనులో కొడుతున్నాను. శిరస్నానం మూడుసార్లు అయింది. గీజరులో వేణ్ణీళ్ళు అయిపోయాయి. బయట పూజగదిలో మావయ్యగారు దగ్గుతున్నారు. సూపు మానేశారు కదా, దగ్గు మళ్ళీ వచ్చేసింది.